బీరయ్య ఒప్పుకోని పాయింటు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను ధారూర్ నుంచి తాండూరు దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లుంది. బడిలో పిల్లలకు ఆటలు నేర్పడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో కబడ్డీ రిఫరీగా వెళ్లేదాన్ని. మగవాళ్ల ఆటకు ఆడమనిషి విజిల్ ఊదడమేమిటని మొదట్లో మూతి ముడిచినవాళ్లు చాలామందే. ఇరవై ఏళ్లు ఊదేసరికి అలవాటు పడ్డారు.

తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే కార్మికుల జట్టొకటి ఉంది. పగలంతా బండలు మోసే చేతులు గనుక పట్టు గట్టిది. ఆలోచన దగ్గరే కొంచెం ఇబ్బంది. ఏ టోర్నమెంటు ఆడినా ఫైనలు దాకా రావడం, అక్కడ వికారాబాద్ జట్టు చేతిలో ఓడిపోవడం వాళ్లకు ఆనవాయితీ.

ఈ జట్టుకు ఒక వీరాభిమాని ఉండేవాడు. పెద్దేముల్ బీరయ్య, గొర్ల కాపరి. మ్యాచ్ ఉందంటే మందను బావమరిదికి అప్పజెప్పి షేర్ ఆటో ఎక్కేవాడు. అభిమాని అన్నానని చప్పట్లు కొట్టేవాడనుకోకండి. గీత పక్కన నిలబడి మొదటి రైడు నుంచి చివరి రైడు దాకా తన జట్టునే తిట్టేవాడు. మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే నన్ను తిట్టేవాడు. రూల్స్ మాత్రం కొందరు అంపైర్ల కంటే ఆయనకే బాగా తెలుసు.

ఆ చలికాలం బీరయ్యకు కాలేయంలో క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదు డాక్టర్లు చూసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వారం తిరక్కుండా జట్టు కెప్టెన్ నర్సింలు మా స్టాఫ్‌రూముకు వచ్చాడు. తాండూరు ఒక్కసారైనా వికారాబాద్‌ను ఓడిస్తే చూసి పోతానని బీరయ్య అంటున్నాడట. అందుకని పెద్దేముల్‌లోనే ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెడతారట, నేను రిఫరీగా రావాలట. సరేనన్నాను. అయినా నర్సింలు కదల్లేదు. గోడ మీది టైంటేబులు చదువుతున్నట్టు నిలబడి మెల్లగా బయటపెట్టాడు.

“మేడం, వికారాబాదోళ్లతోని మాట్లాడినం. గీ ఒక్కపారి ఓడిపోతమన్నరు. మీరు గూడ జర సూసీ సూడనట్టుండుండ్రి.”

ఇంకెప్పుడైనా అయితే బయటికి నడవమనేదాన్ని. ఆ రోజు మాత్రం బీరయ్య తిట్లు లేని మైదానం ఎలా ఉంటుందో తలుచుకుంటే నాకే దిగులేసింది. తలూపాను.

ఆదివారం పొద్దున పెద్దేముల్ బడి మైదానంలో ఎర్రమట్టి చదును చేసి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు వేశారు. బీరయ్యను మంచంతో సహా నలుగురు ఆటగాళ్లు మోసుకొచ్చారు. వెనకాల భార్య చంద్రమ్మ గొడుగు పట్టుకుని నడిచింది. వికారాబాద్ వైపు బాక్ లైన్‌కు ఎదురుగా మంచం వేయమన్నాడు బీరయ్య. మధ్య గీతకు మూడు మీటర్ల డెబ్బై అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉండే గీత అది. కూతకు వెళ్లినవాడు ఎదుటివాళ్లను ముట్టకపోయినా సరే, ఆ గీతను ఒక్కసారైనా దాటి రావాలి. ముట్టకుండా, దాటకుండా తిరిగొస్తే అవుట్. మంచం కోర్టుకు మరీ దగ్గరగా ఉందని నేను వెనక్కి జరిపించాను. “రూల్ రూలే బిడ్డా, జరుపుండ్రి” అని బీరయ్య నన్ను మెచ్చుకున్నాడు. నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది.

ఆట మొదలైంది. నా సర్వీసులో అంత మర్యాదస్తుల కబడ్డీ చూడలేదు. పట్టుకుంటే ఉడుము పట్టు పడతాడని పేరున్న వికారాబాద్ డిఫెండరు, నర్సింలు చెయ్యి తగలకముందే వెల్లకిలా పడ్డాడు. ఇంకొకడు తనంతట తానే గీత బయటికి నడిచి నా విజిల్ కోసం ఎదురుచూశాడు. కింద పడ్డవాళ్లను లేపి మట్టి దులిపి పంపుతున్నారు. పెళ్లివారి విడిదిలో కూడా అంత మర్యాద జరగదు. సగం ఆటకు తాండూరుకు పద్నాలుగు, వికారాబాద్‌కు ఆరు. బీరయ్య మాత్రం నోరు విప్పలేదు. సంతోషం పట్టలేక అనుకున్నాం మేమంతా. చంద్రమ్మ ఒక్కతే, ఈయనకేమో అయిందని నా వైపు కంగారుగా చూసింది.

రెండో సగానికి జట్లు వైపులు మారితే మంచమూ అటు జరిపారు. నర్సింలు కూతకెళ్లాడు. ఎదురు నిలిచేవాడు లేకపోవడంతో ఒళ్లు బరువెక్కింది కాబోలు, బాక్ లైన్ దాకా పోకుండానే చేతులూపి తిరిగొచ్చేశాడు. నేను చూశాను. విజిల్ నోట్లోనే ఉంది, ఊదలేదు.

“రిఫరీ మేడం.”

బీరయ్య గొంతు. ఆయన ఎప్పుడూ నన్ను అలా పిలవలేదు. చంద్రమ్మ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, కర్ర ఊతంతో మంచం దిగాడు. నాలుగు రోజులుగా లేచి నిలబడని మనిషి కోర్టులోకి నడిచొచ్చాడు. తడిమట్టిలో నర్సింలు అడుగులు గీతకు జానెడు ఇవతలే తిరిగిపోయి ఉన్నాయి. కర్రతో వాటిని ఒక్కొక్కటే చూపించాడు.

“మావోడు అవుట్. మీకు కనవడలేదా?”

నేను తల దించుకున్నాను. ఆయన రెండు జట్లనూ పారజూశాడు.

“నా రోగం కడుపుల ఉంది, కండ్లల్ల లేదు. గీ ఆటలు నేను సచ్చినంక ఆడుకోండ్రి. బతికున్నోని ముంగట మంచిగ ఆడుండ్రి.”

వికారాబాద్ కెప్టెన్ ముందుకొచ్చి బీరయ్య కాళ్లకు దండం పెట్టి, మొదటి నుంచి ఆడతామన్నాడు. నిబంధనల ప్రకారం అలా ఆట రద్దు చేసే అధికారం నాకు లేదు. స్నేహపూర్వక మ్యాచ్ గనుక చేసేశాను. స్కోరు షీటు చింపి కొత్తది తీశాను.

ఈసారి అసలు ఆట జరిగింది. మొదటి పట్టులోనే నర్సింలు మోచెయ్యి గీసుకుపోయింది. ఉడుము పట్టాయన మళ్లీ ఉడుమయ్యాడు. మంచం మీంచి బీరయ్య తిట్లు మొదలయ్యాయి. ఎడమ మూల కాచేవాడి నడకను ఈనిన గొర్రెతో పోల్చాడు. నేనిచ్చిన ఒక బోనస్ పాయింటుకు నా చదువును అనుమానించాడు. చంద్రమ్మ గొడుగు కింద ముఖం దాచుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. చివరికి తాండూరు మూడు పాయింట్లతో ఓడిపోయింది. ఇల్లు చేరేదాకా మంచం మోస్తున్న నలుగురినీ బీరయ్య తిట్టాడు.

తర్వాత ఆయన తొమ్మిది రోజులు బతికాడు. రోజూ సాయంత్రం డ్యూటీ దిగగానే జట్టులో ఎవరో ఒకరు వెళ్లి మంచం దగ్గర కూర్చునేవారు. రోగం ఊసే ఎత్తలేదని, అన్ని రోజులూ ఎడమ మూల గురించే మాట్లాడాడని చంద్రమ్మ తర్వాత నాతో చెప్పింది. ఆ జట్టు వికారాబాద్ మీద ఇప్పటికీ గెలవలేదు.

కొత్తగా రిఫరీ పరీక్షకు వచ్చేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను. మంచం మోయొచ్చు, గొడుగు పట్టొచ్చు, పక్కన కూర్చుని తిట్లు తినొచ్చు, అవన్నీ దయే. గీత దగ్గర చూసీ చూడనట్టు ఊరుకుంటే మాత్రం, ఎవరి కోసం ఊరుకున్నామో అది ముందు వాళ్లకే కనిపిస్తుంది.