ఐసు పెట్టెమీద లాప్‌టాప్

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఆ సామెతలో కనీసం కొండనాలుకకు ఏదో ఒక జబ్బు ఉంది. నేను మందు వేసినప్పుడు అదీ లేదు. జబ్బు లేని లాప్‌టాప్‌కు వైద్యం చేసి, మా అక్క ఉద్యోగాన్ని నడిసముద్రంలో దించిన ఘనత నాది. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మా ఇంట్లోవాళ్లు ఎలాగూ నవ్వుతూనే ఉన్నారు, మీరొక్కరు ఆపుకుంటే నాకు ఒరిగేదేమీ లేదు.

అప్పుడు నేను నెల్లూరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. రోజూ మైపాడు నుంచి బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది ఆవగింజంత, తెలుసనుకున్నది గుమ్మడికాయంత. ఊళ్లో ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను దాన్ని ఆపి, మళ్లీ వేసి ఇచ్చేవాణ్ణి. సగం ఫోన్లు దానికే బాగయ్యేవి. మిగతా సగాన్ని చూసి "మదర్‌బోర్డు" అని ఒక్క మాట అని నిట్టూర్చేవాణ్ణి. నాకు పేరొచ్చింది ఆ నిట్టూర్పుతోనే.

మా అక్క సుమతి డిగ్రీ పూర్తిచేసి రొయ్యల కంపెనీలో పనికి పోతుండేది. రోజంతా ఐసులో వేసిన రొయ్యలకు తలలు తీయడం. సాయంత్రం ఇంటికొచ్చాక చాలాసేపు వేళ్లకు స్పర్శ ఉండేది కాదు. వేడి టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా అలాగే కూర్చునేది. అలాంటి అక్కకు ఇంటినుంచే చేసుకునే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. లాప్‌టాప్‌లు పాడైనవాళ్లు ఫోన్ చేస్తే తెలుగులో దారి చెప్పే పని. ఇంటర్వ్యూ కూడా వీడియో కాల్‌లోనే. అది తప్పితే మళ్లీ రొయ్యలే.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం అక్క లాప్‌టాప్‌లో స్నేహితురాలికి వీడియో కాల్ చేసి సరిచూసుకుంటుంటే బొమ్మ మధ్యమధ్యలో ఆగిపోయింది.

"రేయ్ శీనా, ఇది ఊరికూరికే నిలబడిపోతా ఉండాది. ఒకసారి చూడు. చూడమంటే చూడమనే, దాన్ని ఏమీ చెయ్యబాకు" అంది.

చూశాను. నిట్టూర్చాను. "ప్రాసెసర్‌కు బలం చాల్లేదక్కా" అన్నాను.

"దానికి బలమేందిరా?"

"కంపెనీవాళ్లు ప్రాసెసర్‌ను ఇంత కరెంటే తినాలని హద్దు పెట్టి పంపిస్తారు. పవర్ లిమిట్ అంటారు. ఆ హద్దు ఎత్తేస్తే ఇదే లాప్‌టాప్ గుర్రం మాదిరి ఉరుకుద్ది."

"మరి వాళ్లెందుకు పెట్టినారు ఆ హద్దు?"

ఆ ప్రశ్న దగ్గర నేను ఒక్క నిమిషం ఆగి ఉంటే, మీకీ కథా లేదు, నాకీ అప్రతిష్ఠా లేదు.

"మన చేత కొత్తది కొనిపించేదానికి. అంతా వ్యాపారం" అన్నాను.

గడపలో కూర్చుని వల చిల్లులు కుట్టుకుంటున్న మా నాయన తలెత్తాడు. "అబ్బయా, బోటు ఇంజన్ను గూడా గట్టిగా తిప్పితే ఉరుకుద్ది. ఆ తర్వాత కాలిపోద్ది."

"అది డీజిలు నాయనా. ఇది సిలికాన్."

నాయన మళ్లీ వలలోకి తల వంచేశాడు. సిలికాన్ అంటే ఏమిటని ఆయన అడిగి ఉంటే నేనూ వలలోకే వంచేవాణ్ణి.

ఎక్కడెక్కడో వెతికి ఒక సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. పదిహేను వాట్లు ఉన్నదాన్ని నలభై అయిదు చేశాను. "దీనివల్ల ఏం జరిగినా బాధ్యత మీదే" అని అది ఇంగ్లీషులో మర్యాదగా హెచ్చరించింది. సరేనని నొక్కాను. నొక్కింది నేనూ, బాధ్యత అక్కదీ అని అప్పుడు తట్టలేదు.

కాసేపు నిజంగానే ఉరికింది. "చూసినావా!" అని ఇల్లంతా తిరిగాను. ఆ తర్వాత లోపల ఫ్యాను కూత మొదలుపెట్టింది. కీబోర్డు మీద దోసె పోయవచ్చు. నూరు డిగ్రీలకు దగ్గరపడగానే ప్రాసెసర్ తన ప్రాణం తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంది. ఎంతగా తగ్గించుకుందంటే, నేను ముట్టుకోకముందు ఉన్నదానికంటే కిందికి పోయింది. తెలివిగలవాడైతే అక్కడ హద్దు మళ్లీ దించుతాడు. నేను ఇంకాస్త పెంచాను.

"ముందు బొమ్మ ఒకటే ఆగేది. ఇప్పుడు బాణం గుర్తు గూడా కదలట్లేదు కదరా!" అంది అక్క.

"వేడి ఒక్కటే అడ్డం అక్కా. వేడి తగ్గిస్తే చాలు."

"ఎట్ట ఉన్నిందో అట్ట పెట్టేయ్ రా సామీ, నీకు దండం పెడతా."

"వెనక్కి పోవడం మన ఇంటా వంటా లేదు" అన్నాను. ఊరందరి ఫోన్లకు నిట్టూర్చినవాణ్ణి, ఇంట్లో ఓడిపోతే ఎలా?

ఇప్పుడు మీరే చెప్పండి. మైపాడులో పుట్టినవాడికి ఏదైనా వేడివల్ల పాడవుతుందంటే ఏం గుర్తొస్తుంది? ఐసు. మా అమ్మ నెల్లూరులో ఇంటింటికీ చేపలు అమ్ముతుంది. ఆమె థర్మాకోల్ పెట్టె నిండా పొద్దున్నే దంచిన ఐసు ఉంటుంది. మర్నాడు అమ్మ పెరట్లో ఉన్న సమయం చూసి పెట్టెను ముందు గదిలోకి లాక్కొచ్చాను. ఐసుమీద స్టీలు పళ్లెం బోర్లించాను. పళ్లెం మీద లాప్‌టాప్ పెట్టాను. వేడి సర్రున దిగింది. వేగం సర్రున ఎక్కింది. ఆ క్షణాన నన్ను మించిన ఇంజనీరు జిల్లాలో లేడని నా గట్టి నమ్మకం.

మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని ఇంటర్వ్యూకు వచ్చిన అక్క ఆ పెట్టెను చూసి నిలబడిపోయింది.

"ఏందిరా ఇది?"

"కూలింగ్ సిస్టం."

"ఈ ఐసును తప్పించుకునేదానికే కదరా నేను ఈ ఉద్యోగం కోసం పాకులాడతా ఉండేది! దాన్నే తెచ్చి నా ముందర పెట్టినావే!"

అప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది. మార్చడానికి వ్యవధి లేదు, కాల్ మోగింది. అక్క పెట్టె ముందు కూర్చుంది.

ఇంటర్వ్యూ చేసే మేడం గొంతు నెమ్మదిగా, మంచిగా ఉంది. అక్క పేరూ ఊరూ చెప్పింది. అంతలో బొమ్మ ఆగిపోయింది. నేను వేడి చూశాను, చల్లగా ఉంది. వేగం చూశాను, బ్రహ్మాండంగా ఉంది. మరి ఎందుకు ఆగింది? అంతలో దానంతటదే కదిలింది. మళ్లీ ఆగింది. మళ్లీ కదిలింది.

అప్పుడు కనిపించింది. మా ఇంట్లో సిగ్నల్ అందే సిమ్ ఒక్క అమ్మ ఫోన్లోనే ఉంది. అక్క దరఖాస్తులో రాసిందీ ఆ నంబరే. నెట్టు దాన్నుంచే వస్తుంది. ఆ ఫోన్ అమ్మ రొంటిన ఉంటుంది. అమ్మ పెరటి చివరికి పోతే బొమ్మ ఆగుతోంది, వంటింట్లోకి వస్తే కదులుతోంది. నిన్నటినుంచీ జరుగుతున్నది ఇదే! ప్రాసెసర్ పాపం దానికేమీ తెలియదు.

పెరట్లోకి ఒక్క గంతు వేశాను. "అమ్మా, లోపలికి రా! ఆడాడ తిరగబాక!"

"వంజరం కొయ్యాల. ఎవరు కోస్తారు, నువ్వా?"

"ఇంట్లో కొయ్యి, నీకు పుణ్యముంటాది!"

అమ్మ కత్తిపీట తెచ్చుకుని సరిగ్గా అక్క వెనకాల కూర్చుంది. చేప వెంట మా వీధి పిల్లి కూడా వచ్చింది.

"మీ వెనకాల ఎవరండీ?" అని మేడం అడిగింది.

"మా అమ్మండీ."

"ఏదో శబ్దం వస్తోంది. మిక్సీ వేశారా?"

"కాదండీ, ఇది లాప్‌టాప్ ఫ్యాను."

అంతలో అమ్మ గొంతు ఖంగుమంది. "నా ఐసు పెట్టె ఏమైందిరా? చేప చెడిపోతే నెల్లూరోళ్లకు ఏం చెప్పాల?"

"అమ్మా, మెల్లగా! పెట్టె అక్కడుంది!"

"దాని మీద ఆ లాప్‌టాప్ కూర్చోనుండాదేందిరా!"

పళ్లెం చెమటపట్టి బొట్లుబొట్లుగా నీళ్లు కారుతున్నాయి. లాప్‌టాప్ అడుగు తడిసిపోయింది. తెర మీద రంగు గీతలు మొదలయ్యాయి. పిల్లి పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. నేను నేలమీద పాకుతూ ఒక చేత్తో పిల్లిని, ఒక చేత్తో అమ్మను ఆపుతున్నాను. అక్క ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

"చివరి ప్రశ్న" అంది మేడం. "ఒక కస్టమర్ ఫోన్ చేశారు. నిన్నటిదాకా బాగున్న లాప్‌టాప్ ఇవాళ ఉన్నట్టుండి వేడెక్కుతోంది, నెమ్మదించింది, ఆగిపోతోంది అన్నారు. మీరు మొట్టమొదట ఏమడుగుతారు?"

దానికి జవాబు నేనే నేర్పించాను. మోడల్ నంబరు, ఎన్నాళ్లయింది కొని, అప్‌డేట్లు వేశారా. అక్క మెల్లగా తల తిప్పి, నేలమీద పిల్లిని పట్టుకుని ఉన్న నావైపు చూసింది. మళ్లీ తెరవైపు తిరిగింది.

"మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదివే తమ్ముడెవరైనా ఉన్నాడా అని అడుగుతానండీ" అంది.

తెర నల్లబడిపోయింది.

ఎంత నొక్కినా రాలేదు. అమ్మ లాప్‌టాప్‌ను మూత తీసినట్టు తీసి పక్కన పెట్టి, వంజరాన్ని ఐసులో పడుకోబెట్టింది. అక్క తిట్టి ఉంటే బాగుండేది. చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. "అక్కా" అన్నాను. తడిసిన లాప్‌టాప్ అడుగును నా చొక్కాతో తుడవడం మొదలుపెట్టాను.

అమ్మ రొంటిన ఫోన్ మోగింది. చేపచేతులతోనే తీసి చెవిన పెట్టుకుంది.

"ఎవురూ? వంజరం కావాల్నా?... ఆఁ? ఏం మేడం?... పాపా, నీకే."

అక్క ఫోన్ తీసుకుంది. అవతల మేడం నవ్వు నాకు వినబడుతూనే ఉంది. ఆమెతోపాటు ఇంకెవరెవరో నవ్వుతున్నారు.

"మేము ఇన్నాళ్లుగా కస్టమర్లను మోడల్ నంబరే అడుగుతున్నామమ్మా. అడగాల్సింది ఇదని ఇవాళ తెలిసింది. సోమవారం చేరండి. లాప్‌టాప్ మేమే పంపిస్తాం. తాళం వేసుకునే పెట్టె కూడా పంపించమంటారా?"

"పంపించండి మేడం" అంది అక్క, కళ్లు తుడుచుకుంటూనే, నవ్వుతూనే.

కాబట్టి పాఠకులారా, మా ఊరి సముద్రం సాక్షిగా, మా అమ్మ కత్తిపీట సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఏ ప్రాసెసర్ హద్దునూ నా ప్రాణం ఉండగా ఎత్తను. ఏ లాప్‌టాప్ ఎక్కడ ఆగిపోయినా, దాని మూత మీద చెయ్యి వేసే ముందు, మా అమ్మ ఎక్కడుందో చూస్తాను.