కుంటుతూ నడిస్తే తాగినట్టేనా?

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం, రామచంద్రపురం దాటాక, సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంపై నా స్కూటరు జారి పడిందన్నది నిశ్చయం. నా నోట మద్యం వాసన వచ్చిందన్నదీ నిశ్చయమే. పెళ్ళి భోజనం అరగడానికని మా మేనత్త రెండు మూతల ద్రాక్షారిష్టం పోసింది; పులిసి కాస్త ఆల్కహాలు పుట్టనిదే ఆ ఆయుర్వేద మందు అరిష్టం కాదు. నేను తూలుతూ వచ్చి ధాన్యం రాశిలో దూరానన్నది మాత్రం వినికిడి. ఆ మాట మొదట అన్నవాడు ధాన్యం ఆరబోసిన రైతు. తప్పు నాది కాకపోతే తనదయ్యేది.

"అరిష్టం పుచ్చుకున్నానండీ, అంతే," అన్నాను అక్కడికొచ్చిన కానిస్టేబులుతో.

"ఆయ్, మా ఊళ్ళో అందరూ పుచ్చుకునేది అదేనండి," అంటూ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరు నా నోరు వాసన చూసి, గదిలో ఆ చివరిదాకా నడిపించి, మద్యం వాసన ఉందనీ నడక తడబడుతోందనీ రాశాడు. రక్తం తీసి పరీక్షించమన్నాను. అవసరం లేదన్నాడు. నేను రసాయనశాస్త్రం బోధించేవాణ్ణి. వాసన ఉనికిని చెబుతుందే తప్ప పరిమాణాన్ని చెప్పదు.

కేసు పెట్టారు. నేరం రుజువైతే లైసెన్సు పోవచ్చు, జైలు శిక్షా పడవచ్చు.

"ఒప్పేసుకోండి మాస్టారూ," అన్నాడు నా వకీలు. "జరిమానా కట్టేసి భోజనం వేళకి ఇంటికెళ్ళిపోవచ్చు."

"నేను తాగి నడపలేదండీ."

"తాగారా అని ఎవరడిగారండీ? ఒప్పుకుంటారా అని అడుగుతున్నాను. ఇంత చిన్నదానికి పౌరుషం ఏంటండీ?"

ఒప్పుకోనన్నాను. సెలవు పెట్టుకుంటూ, రాజమండ్రి నుంచి బస్సెక్కి, వాయిదా వాయిదాకూ రామచంద్రపురం కోర్టుకి వెళ్ళాను. చివరకు డాక్టరు సాక్ష్యానికి వచ్చాడు. నేను చెప్పిన ప్రశ్ననే వకీలు అయిష్టంగా అడిగాడు.

"ఆ రోజు ఈయన మోకాలికి కుట్లు వేసిందెవరండీ?"

"నేనే."

"నడిపించక ముందా, నడిపించాకా?"

"నడిపించాకే," అన్నాడు డాక్టరు.

"చీరుకుపోయిన మోకాలితో తిన్నగా నడవమన్నారా?" అన్నారు మెజిస్ట్రేటు.

చట్టం హద్దు పెట్టింది రక్తంలోని ఆల్కహాలుకు. ఆ రక్తమే తియ్యలేదు గనుక కేసు కొట్టేశారు. పలుకుబడితో బయటపడ్డానని ఇప్పటికీ కొందరంటారు. ఎవరి పలుకుబడో మాత్రం చెప్పరు.

ఒక ప్రశ్న మిగిలే ఉంది: నా రక్తంలో అసలెంత ఉంది? రెండు మూతలకు లెక్క కడితే హద్దుకు చాలా కిందే తేలుతుంది. కానీ అది అంచనా, కొలత కాదు. కొలవమని ఆ రోజు అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే.