మోటారు చప్పుడూ మా పాత చీరా

నాంపల్లి స్టేషను దగ్గరి సందులో మా ఆయనకు మోటార్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. విషజ్వరం వచ్చి తగ్గాక ఆయనకు చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి బదులిచ్చేవాడు కాబట్టి ఊళ్లో ఎవరికీ తెలియలేదు. తెలిస్తే షెడ్డు మూసుకోవాల్సిందే. చెవుల్లేని మిస్త్రీ దగ్గరికి చప్పుడు చేసే బండిని ఎవరు తెస్తారు?

అలా వినే పని నాకు పడింది. బండిని అబిడ్స్ దాకా నడిపి చూసేటప్పుడు నేను వెనక సీట్లో కూర్చునేదాన్ని. ముందు సీటుకూ నాకూ మధ్య మా పాత చీర ఒకటి కట్టేవాడు. మా ఇళ్లలో పరదా ఆచారం ఏనాడూ లేదు. అయినా ఈ ఊళ్లో పరదా వెనక ఆడమనిషి ఉంటే ఎందుకుందని ఎవరూ అడగరు. వెనక బరువుంటేనే ఇరుసు చప్పుడు బయటపడుతుందని ఆయన ఒక మాట అనేవాడు. బండి నడుస్తున్నంతసేపూ ఎవరూ నోరెత్తకూడదని నియమం కూడా పెట్టాడు. అదంతా పనితనమనుకుని జనం తెగ మెచ్చుకునేవారు.

ఏ చప్పుడు ఎక్కడిదో ఆయనే నేర్పాడు. క్లచ్ తొక్కినప్పుడు మొదలైతే రోగం క్లచ్‌లో ఉన్నట్టు. బండి నిలబడి ఇంజను ఆడుతున్నప్పుడు గరగరమని, క్లచ్ తొక్కగానే ఆగితే గేర్ల పెట్టెలో. పల్లంలో యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే ఊళపెడితే వెనక ఇరుసులో. చీర చాటు నుంచి నేను ఆయన ఎడమ భుజం నొక్కితే క్లచ్, కుడి భుజం గేర్లు, నడివీపు ఇరుసు.

ఆ ఎండాకాలం మా రెండేళ్ల పాప జ్వరంతో పోయింది. నాకు ఏడుపు రాలేదు. మాట కూడా పోయింది. పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. "ఏడ్వు బిడ్డా, ఏడిస్తే జర గుండె బరువు దిగుతది" అని పక్కింటి ముసలమ్మ వీపు రాసింది. అది ఇంకెవరి వీపో అన్నట్టు ఉంది నాకు. మా ఆయన నా నోటి వంక కాసేపు చూసి పనికి వెళ్లిపోయేవాడు.

అప్పుడే ఒక వకీలు సాబు బండి తెచ్చాడు. "వస్తవా?" అని మా ఆయన అడిగాడు. రానని చెప్పడానికీ నోరు కావాలి కదా. వెళ్లి వెనక కూర్చున్నాను. వకీలు ముందు సీట్లో ఆయన పక్కన ఎక్కాడు.

అబిడ్స్ మలుపులో ఎడ్లబండ్లు అడ్డొస్తే ఆగాం. గరగర మొదలైంది. ఆయన క్లచ్ తొక్కాడు, ఆగింది. నిద్రలో అడిగినా చెప్పగలిగే రోగం. నా చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవలేదు. ఆయన సుల్తాన్ బజార్ దాకా పోయి, తిప్పుకుని మళ్లీ అక్కడికే తెచ్చాడు. చెయ్యి లేవలేదు. ఆయన బతుకుతెరువు పోతుందని తెలుస్తూనే ఉంది. అయినా నాకేమీ అనిపించలేదు.

"ఏంది మిస్త్రీ, గిట్లనే తిప్పుతవా? ఏం తేలింది?" అన్నాడు వకీలు. మా ఆయన రోడ్డు వంకే చూస్తున్నాడు. వకీలు ఆయన భుజం పట్టుకుని కుదిపాడు.

మా ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. "నాకు చెవులు వినరావు సాబ్. ఇన్నొద్దులు ఎనక కూసొని మా ఇంటిదే వింటున్నది. మా బిడ్డ పోయింది. ఇయ్యాల ఆమెకు చాతనైతలేదు. ఇంకో మిస్త్రీకి చూపించుకోండ్రి."

ఇంజను గరగరమంటూనే ఉంది.

"గేర్ల పెట్టెల బేరింగ్ పోయింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "క్లచ్ తొక్కితే సప్పుడు ఆగుతున్నది."

మా ఆయనకు వినిపించలేదు. వకీలు ఆయన గడ్డం పట్టి తనవైపు తిప్పుకుని, ఆ మాటే నిదానంగా మళ్లీ చెప్పి, వేలితో వెనక్కి చూపించాడు.

"మాట్లాడిందా?" అన్నాడు మా ఆయన.

"ఔ, మాట్లాడింది. బండి నీ కాడనే ఉండనీ, బాగుచెయ్యి," అని వకీలు దిగి బజారు వైపు నడిచాడు.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆయనకు వినిపించదు కదా అని గొంతెత్తి ఏడ్చాను. ఆయన చీర ముడి విప్పేసి, వెనక్కి తిరిగి నా పెదవులు చూస్తూ కూర్చున్నాడు.