కిరాయి చప్పట్లు

సభల్లో మోగే చప్పట్లను నేను ఏనాడూ నమ్మలేదు. వాదం నిలబడాలంటే రుజువు కావాలి, అరచేతులు కాదు. పత్రికలకు వ్యాసాలు రాసే పనిలో బాబాల సభల్లోనూ, నాయకుల సభల్లోనూ, కంపెనీల సభల్లోనూ ఒకే రకం చప్పట్లు విన్నాక ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది. అయినా నా చెవులకు పండగలా వినిపించిన చప్పట్లు ఒక కంపెనీ సభలోనివే. పైగా అవి కిరాయికి తెచ్చిన చప్పట్లు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, మా మేనత్త పొలానికి ఎగువన ఉన్న మందుల ఫ్యాక్టరీ రెండో యూనిట్ కడతానంది. మొదటిది వచ్చాకే అత్త బావి నీళ్లు వాసన పట్టాయి. ఎండాకాలంలో బిందె ముంచితే ముఖం పక్కకు తిప్పుకోవాల్సిందే. ఆమె వరి పొలం, రెండు బర్రెలు ఆ బావి మీదే బతుకుతున్నాయి. రెండోది కూడా వస్తే బావిని పూడ్చుకోవడమే మిగులుతుందని ఆమె భయం. అనుమతి ఇచ్చేముందు చుట్టుపక్కల జనం మాట వినాలి కాబట్టి అధికారులు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు.

"అత్తా, నువ్వే మాట్లాడాలె," అన్నాను.

"నేనా? మైకు ముంగట నా నోరు పెగుల్తదా అల్లుడా?"

"మామను తిట్టేటప్పుడు పెగుల్తది గద!"

"ఆయనకు మైకెందుకు? మెల్లగ తిట్టినా దడుసుకుంటడు."

ఆమె చెప్పాల్సిన మాటలు నేనే తయారుచేసి, బర్రెల పాలు పిండుతున్నంతసేపూ పక్కన కూర్చుని వల్లె వేయించాను.

సభ రోజు ఫ్యాక్టరీ ముందున్న ఖాళీ జాగా పెళ్లివారి ఇల్లులా ఉంది. షామియానా, కూలర్లు, వేదిక మీద సోఫాలు, మజ్జిగ ప్యాకెట్లు, పచ్చటి చెట్ల బొమ్మలతో ఫ్లెక్సీ. ఒక మూల పెద్ద పెద్ద డేగిశాల్లో బిర్యానీ. మేం వెళ్లేసరికే ముందు వరుసలన్నీ నిండిపోయాయి. రామన్నపేట వైపు పల్లెల నుంచి ఆడవాళ్లను ఆటోల్లో దింపారు. దగ్గరి ఊళ్లవాళ్లకు బావుల సంగతి తెలుసు కాబట్టి కంపెనీవాళ్లు తెలివిగా దూరం ఊళ్లను ఎంచుకున్నారు. పక్కన నిలబడ్డ ఒక కంపెనీ ఉద్యోగి చెయ్యెత్తితే వాళ్లు చప్పట్లు కొట్టాలి. ఉద్యోగాలొస్తాయన్నారు, అతను చెయ్యెత్తాడు, చప్పట్లు. బడికి రంగులు వేయిస్తామన్నారు, చప్పట్లు.

తర్వాత అత్తను పిలిచారు. మైకును రోకలిలా రెండు చేతులా పట్టుకుంది. నేను నేర్పిన మొదటి వాక్యం కోసం వెతుక్కుంటూ జనం వైపు చూసింది. రెండో వరుసలో ఒకామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటోంది. అత్త చూపు అక్కడే ఆగింది.

"ఏం వదినె, మొకం దాస్తున్నవ్? గీడికెప్పుడొచ్చినవ్?"

ఆమె అత్తకు స్వయానా వియ్యపురాలు. అత్త తన కూతుర్ని ఇచ్చింది ఆ ఇంటికే. కంపెనీవాళ్లు కిలోమీటర్లు చూసుకున్నారు గానీ, ఏ ఊరి పిల్ల ఏ ఊరి కోడలో చూసుకోలేదు.

వియ్యపురాలు లేచి నిలబడింది. "గా ఆటో ఆయన మీటింగున్నది, కూసుంటే చాలు, బువ్వ పెడ్తరన్నడు వదినె. దేని మీటింగో నాకేం ఎరుక?"

"మా ఇంట్ల బువ్వ లేదా? పిలిస్తే మోకాళ్ల నొప్పులంటవ్!"

షామియానా కింద నవ్వులు. మైకు దగ్గరున్న అధికారి కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"సరే, వచ్చినవ్. ఒక్క ముచ్చట చెప్పు," అంది అత్త. "పోయిన ఎండకాలం మనుమడు మా బాయిల ఈత కొట్టి పోయినంక ఒళ్లంత దద్దుర్లు లేసినయని ఫోన్ల నన్ను తిట్టినవా లేదా?"

"తిట్టిన. దవాఖానకు తిరగలేక సచ్చినం."

"గా నీళ్లు గట్లయ్యింది గీ ఫ్యాక్టరీ వచ్చినంకనే. ఇప్పుడు ఇంకోటి కడ్తరంట. నువ్వేమో చప్పట్లు కొట్టనీకొచ్చినవ్!"

వియ్యపురాలు చేతిలోని మజ్జిగ ప్యాకెట్ కుర్చీలో పెట్టి, తనతో వచ్చినవాళ్ల వైపు తిరిగింది.

"ఇగో, అందరు ఇనుండ్రి! మా వదినెకు కొట్టుండ్రి!"

కొట్టారు. కంపెనీ ఉద్యోగి కంగారుగా ఆపమని రెండు చేతులూ పైకెత్తాడు. చెయ్యెత్తితే కొట్టమన్నది అతనే కదా, వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. అతను చేతులు ఊపేకొద్దీ మోత పెరిగింది.

నా సంతోషానికి హద్దు లేదు. కానీ ఆ వెంటనే ఒక ప్రశ్న పొడిచింది. వాళ్లకు పడ్డ చప్పట్లు రుజువు కానప్పుడు, మాకు పడ్డవి మాత్రం ఎలా అవుతాయి? నేను మైకు తీసుకుని అదే అన్నాను. "రెండు వైపుల చప్పట్లనూ లెక్కలోంచి కొట్టేయండి. బావి నీళ్లు అందరి ముందూ పట్టి పరీక్షకు పంపండి. ఫలితం వచ్చేదాకా అనుమతి ఇవ్వకండి. నీళ్లు మంచివని తేలితే క్షమాపణ చెప్పేది నేనే." కంపెనీ కాదనలేకపోయింది. అధికారి ఆ మాట రాయించి, పైకి చదివించాడు.

తర్వాత వియ్యపురాలి బృందం బిర్యానీకి వరుస కట్టింది.

"సిగ్గు లేకుండ తింటరా?" అంది అత్త.

"తినకేం? చప్పట్లు కొడితే బువ్వన్నరు, కొట్టినం. ఎవలకని చెప్పిన్రా?"

అలాంటి సభలన్నీ నాటకాలని అంతకుముందు నేను కొట్టిపారేసేవాణ్ణి. నాటకాలే, సందేహం లేదు. కానీ ఔననిపించుకోవడానికైనా జనాన్ని ఒకచోట కూర్చోబెట్టక తప్పదు. కూర్చున్నాక వాళ్లు వేదికనే చూస్తారని హామీ లేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవచ్చు. నా వ్యాసాలు ఆ ఇద్దరు వియ్యపురాళ్లనూ ఒక మైకు ముందుకు ఎన్నటికీ తేలేకపోయేవి. తెచ్చింది కంపెనీవాళ్ల ఆటోయే.

పరీక్షలో బావి నీళ్లు చెడ్డవని తేలింది. రెండో యూనిట్ ఆగిపోయింది. మొదటిదాని మురుగును శుభ్రం చేయక తప్పలేదు. రెండు వానాకాలాలు గడిచాక నీళ్లు తేటపడ్డాయి. మళ్లీ పరీక్ష చేయించి, మంచివని కాగితం చేతికొచ్చాకే మనుమణ్ణి బావిలోకి దిగనిచ్చాను. వాడు దూకగానే గట్టు మీద నుంచి వియ్యపురాలు చప్పట్లు కొట్టింది.

"ఇయ్యాల బిర్యానీ లేదు వదినె, పప్పుచారే," అంది అత్త.

"అయితే జర మెల్లగ కొడ్త తియ్."