పదహారు గంటలు బోర్లా

ఆ వార్డులో ఆవిణ్ణి అందరూ పెద్దసిస్టర్ అనేవాళ్ళు. పాతికేళ్ళుగా ఊపిరాడని రోగుల మధ్యే ఆవిడ ఉద్యోగం. వాంతికీ రక్తానికీ ఏనాడూ ముక్కు మూసుకోని మనిషికి ఆవేళ ఒక ఫైలు చూస్తే అసహ్యం వేసింది.

సంగతేమిటంటే, పెద్దడాక్టరుగారు రెండు పద్ధతుల్ని పోల్చి చూస్తున్నారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్ళలో సగంమందికి వెల్లకిలా ఉంచి మిషన్‌తో గాలి పెట్టాలి. మిగతా సగానికి రోజుకి పదహారు గంటలు బోర్లా పడుకోబెట్టి పెట్టాలి. ఎందులో ఎక్కువమంది బతుకుతారో తేలాలి. బానే ఉంది! కానీ నోట్లో గొట్టం ఉన్న మనిషిని తిప్పాలంటే అయిదుగురు కావాలి. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారితే మిగిలేది ముగ్గురు. అందుకని పొద్దున తొమ్మిదికి బోర్లా వేసినవాళ్ళని ఒంటిగంటన్నరకే వెల్లకిలా తిప్పేసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఫైల్లో మాత్రం పదహారు గంటలు! కింద పెద్దసిస్టర్ సంతకం.

ఆవేళ ఒక స్కూలుబస్సు డ్రైవర్నీ అలాగే తిప్పేశారు. తొంభైమూడు ఉన్న ఆక్సిజన్ డెబ్భైతొమ్మిదికి పడిపోయింది.

"బోర్లా వేసినా లాభం లేదు సిస్టర్. రేపటినుంచి ఆపేద్దాం. రిపోర్టులో కూడా అదే రాస్తున్నా," అన్నాడు పెద్దడాక్టరు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "ఎక్కడ వేశాం సార్? నాలుగున్నర గంటలు!"

"మెల్లిగా మాట్లాడండి. అన్నిటి మీదా ఉన్నది మీ సంతకమేగా."

ఛీ, ఏం మనిషి! అంతకంటే రోత ఏమిటంటే, ఆయన అన్నది నిజం. ముప్పైఒక్కమందికి కళ్ళు మూసుకుని సంతకం పెట్టింది. వాళ్ళలో పదమూడుమంది పోయారు.

కొత్తగా డ్యూటీకొచ్చిన ముగ్గురినీ కేకేసింది. ఇంటికెళ్ళాల్సిన తను నాలుగోది.

"అయిదో మనిషి మీరే సార్. మోకాళ్ళ దగ్గర పట్టుకోండి."

ఆయన వాచీ చూసుకున్నాడు. ఆవిడ చూసిన చూపుకి వచ్చి పట్టుకున్నాడు. అయిదుగురూ కలిసి డ్రైవర్ని మళ్ళీ బోర్లా తిప్పారు. గంట తిరిగేసరికి ఆక్సిజన్ తొంభై దాటింది.

బయటికొస్తే బెంచీ మీంచి డ్రైవరు భార్య గబగబా లేచింది.

"మూడు రోజులుగా పదహారేసి గంటలు బోర్లా ఉంచుతున్నారటగా అక్కా? మరి మా ఆయనకి తగ్గదేం?"

పెద్దసిస్టర్ ఆ అమ్మాయిని కూర్చోబెట్టి తనూ పక్కనే కూర్చుంది.

"ఉంచలేదమ్మా. ఉంచామని నేనే సంతకం పెట్టాను."