రెండో పరీక్ష వచ్చేదాకా

ఇవాళ పొద్దున జ్వరాల వార్డుకు తీసుకొచ్చిన ఒక పెద్దమ్మ చీరలోంచి గంజి వాసన గుప్పుమంది. మగ్గం మనిషని వెంటనే తెలిసిపోయింది. ఆ వాసన తగిలితే నాకు మా అమ్మ, ఆమె వెనకే శారద మేడం గుర్తుకొస్తారు.

శారద మేడం అప్పట్లో ఈ వార్డుకు పెద్ద డాక్టరు. నేను కొత్తగా చేరిన నర్సును. మేడం మనిషి పొట్టి, గొంతు మాత్రం మెట్ల దాకా వినిపించేది. జబ్బు పేరు తేలగానే మేమంతా హమ్మయ్య అనుకుంటే, ఆమె అసలు పని అక్కడ మొదలుపెట్టేవారు. "దోమ ఒక్క రోగమే మోస్తదని మీకెవరు చెప్పిన్రు?" అనేవారు.

ఒక వానాకాలం మా అమ్మకే జ్వరమొచ్చింది. గుంట మగ్గంలో కాళ్లు దించి పొద్దంతా కూర్చునే మనిషి. పక్కనే నూలు నానేసిన తొట్టి. నానేటప్పుడు నీళ్లు మారిస్తే దారం తెగుతుందని ఆమె పట్టింపు. ఆ నీళ్లలో పుట్టిన పగటి దోమలు ఆ గుంటలోనే కుట్టాయి. పరీక్షలో చికున్‌గున్యా అని తేలింది. వేళ్లు వాచి గ్లాసు కూడా పట్టుకోలేక, "నొప్పి సూది ఏపియ్యి బిడ్డా, పానం పోతాంది" అని ఏడ్చింది. నేను మేడం దగ్గరికి పరుగెత్తాను.

"జర ఒక్క సూది రాయండి మేడం. చూడలేకపోతున్న."

"డెంగీ పరీక్షకు కూడా పంపిన. అది వచ్చేదాక నొప్పి సూది లేదు. రెండూ ఉంటే, ఆ సూదితోని రక్తం కారుడు షురూ అయితది."

"జబ్బు దొరికింది గద మేడం!"

"ఒకటి దొరికింది. నన్ను తిట్టుకో, ఫికర్ లేదు. మీ అమ్మ బతికుంటే ఇద్దరు కలిసి తిట్టుకోండి."

నిజంగానే తిట్టుకున్నాను. సాయంత్రానికి డెంగీ కూడా ఉందని తేలింది. మర్నాడు ప్లేట్‌లెట్లు పడిపోయి అమ్మ చిగుళ్లలోంచి రక్తం కనబడింది. ఆ సూది పడి ఉంటే ఆ రక్తం ఆగేదే కాదేమో. మేడం మంచం పక్కన కుర్చీ వేసుకుని, సెలైన్ చుక్క చుక్కా చూసుకుంటూ అమ్మను గట్టెక్కించారు. ఇంటికి పంపేటప్పుడు, "వారం వారం తొట్టి బోర్లించి రుద్దాలె అక్కా" అన్నారు.

"దారం తెగితే నువ్వు అతుకుతవా మేడం?"

"అతుకుత. నేర్పియ్యి."

అమ్మకు వేళ్ల నొప్పులు నెలల తరబడి పోలేదు. మగ్గంలో కూర్చున్నప్పుడల్లా "ఆ రాతిగుండె మేడం" అని తిట్టేది. తిడుతూనే తొట్టి బోర్లించేది. మేడం పోయారని తెలిసిన రోజు మాత్రం మగ్గం ముట్టలేదు.

ఇప్పుడీ పెద్దమ్మ కొడుకు నా ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. "చికున్‌గున్యా అన్నరు గద సిస్టర్. ఒక్క నొప్పి సూది ఇయ్యండి, అమ్మ మొత్తుకుంటాంది." డెంగీ పరీక్షకు రక్తం ఇప్పుడే పంపించాం. అతని కళ్లలోని కోపం నేనెరిగినదే.

"అది వచ్చేదాక లేదు తమ్మీ" అన్నాను. "నన్ను తిట్టుకో. అమ్మ బతికుంటే ఇద్దరు కలిసి తిట్టుకోండి."