గుట్టకింద పుల్లమ్మ

కలరా గత్తర వచ్చిన ఏడు, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, మైసమ్మ వాంతులతో సోలిపోతూ వచ్చి అక్క పుల్లమ్మ గుడిసె తడిక పట్టుకుంది.

"అక్కా, జర నీళ్లియ్యే."

లోపల పుల్లమ్మ తన ఇద్దరు పిల్లలను ఒడిలో అదుముకుని కూర్చుంది. మగడు లేని మనిషి, ఉన్నదల్లా ఆ పిల్లలే. రోగం వాళ్లకు అంటుతుందని తడిక తీయలేదు. పొద్దు వాలేలోగా మైసమ్మ గూడెం బయట ప్రాణం విడిచింది. వారం తిరక్కుండానే పిల్లలిద్దరినీ అదే గత్తర తీసుకుపోయింది.

కొన్నేళ్లకు పుల్లమ్మ ఒంటి మీద మచ్చలు లేచాయి, వేళ్లు మొద్దుబారాయి. కుష్ఠు, పెద్దరోగమన్నారు. చెల్లెకు నీళ్లియ్యని పాపం తగిలిందన్నారు. ఊరివాళ్లు అనకముందే ఆమె ఆ మాట అనుకుంది కాబట్టి ఎదురు చెప్పలేదు. దేవరకొండ పక్కనున్న తమ ఊరికి దూరంగా, గుట్ట కింద గుడిసె వేసి ఉండమన్నారు. మరిది బక్కయ్య బండ మీద జొన్నగట్క పెట్టి, వెనక్కి చూడకుండా పోయేవాడు. తన పేరు పిలిచేవాళ్లు లేక, ఒక్కోరోజు తానే "పుల్లమ్మా" అని పిలుచుకునేది.

గూడేల్లోని క్రైస్తవుల కోసం ఊరూరూ నడిచి తిరిగే పాస్టరు జానయ్య ఒకనాడు ఆమె ముందు కూర్చున్నాడు. తర్వాత కూడా వచ్చాడు. చివరికి ఆమె అంతా చెప్పింది.

"చెల్లెకు నీళ్లియ్యకపోవుడు తప్పే, అక్కా. కాదనను," అన్నాడాయన. "గని గీ రోగం దేవుడు పగబట్టి పెట్టింది గాదు. అడిగితే ఆయన మాఫ్ చేస్తడు."

"సచ్చినామె చెయ్యొద్దా మాఫ్?"

"ఆమెను ఆయన జూసుకుంటడు. నువ్వు నీ సంగతి జెప్పుకో."

ఆ రోజు ఆమె నమ్మలేదు. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పుకోవడం మొదలుపెట్టింది. వానలు పడి వాగు పారినప్పుడు జానయ్య ఆమెకు బాప్తిస్మం ఇచ్చాడు. మరుసటి ఆదివారం ప్రభు సంస్కారం ఇవ్వడానికి రొట్టెముక్క, ద్రాక్షరసం గిన్నె పట్టుకుని గుడిసెకే వచ్చాడు.

"నా మూతి తగిలితే గిన్నె పారెయ్యాలె, అయ్యగారు."

"ముందు తాగు, అక్కా."

ఆమె తాగింది. మిగిలింది ఆయన తాగాడు. తాగే ముందు ఆయన గట్టిగా కళ్లు మూసుకోవడం ఆమె చూసింది. భయపడుతూనే తాగాడని అర్థమైంది. అప్పుడు పుల్లమ్మ ఏడ్చింది. చెల్లె పోయిన నాడు, పిల్లలు పోయిన నాడు రాని ఏడుపు అది.

రోగం తగ్గలేదు. ఊరు దగ్గరికి రానివ్వలేదు. అయినా మేకలు కాసేవాళ్లకు పొద్దున్నే ఆమె పాట వినిపించేది.

"ఒక్కదాన్నే ఉన్న అయ్యగారు," అంది ఒకసారి జానయ్యతో. "గని ఎవరి కోపంల లేను. గిప్పుడు పిల్లలు యాదికొస్తే మొకాలు గూడ కనబడుతున్నయి."

నిజాం రాజ్యం పోయే ముందటేడు ఆమె చనిపోయింది. జానయ్య ఒక్కడే గొయ్యి తవ్వుతుంటే బక్కయ్య చాలాసేపు దూరంగా నిలబడి చూశాడు. తర్వాత ఇంటికి పోయి తన పార తెచ్చుకున్నాడు.